తిరగేసిన అరచేతులు

"ఈ గడప దాటాలంటే ముందు నన్ను దాటాలి," అన్నాడు కుబాత్.

గుమ్మానికి అటూ ఇటూ చేతులు ఆన్చి నిలబడ్డాడు. మోచేతులదాకా సబ్బునురగ. లోపల అన్నగారికి ఒళ్ళు తుడుస్తున్నవాడు టాక్సీ ఆగిన చప్పుడు వినగానే అలాగే లేచి వచ్చాడు.

వాకిట్లో ఎర్మెక్ సంచీ ఇంకా కింద పెట్టలేదు. అతని వెనకాల భార్య బేగిమాయ్, ఏడోనెల కడుపు కింద ఒక చెయ్యి ఆసరా పెట్టుకుని నిలబడింది. తెల్లవారకముందే బిష్కెక్‌లో బయల్దేరి, కొండదారిన ఆరు గంటలు కూర్చుని వచ్చిన మనిషి. ఆమె పాదాలు వాచి ఉండటం అత్తగారు కనిషాయ్‌కి ఇంటి లోపలినుంచే కనిపించింది.

"తప్పుకోండి బాబాయ్. నాన్నని చూడాలి."

"ఏ నాన్నని? లోకమంతటికీ ఫొటో పంచిపెట్టావే, ఆ నాన్ననా?"

"మీతో తగువుకి రాలేదు."

"తగువుకి నువ్వు ఎక్కడికీ రానక్కర్లేదురా. కూర్చున్నచోటు నుంచే పెడతావు. నీకు రెండు బొటనవేళ్ళు చాలు."

కనిషాయ్ మరిది భుజం వెనక్కి వచ్చి నిలబడింది. నలభై ఒక్క ఏళ్ళు ఆ ఊరి బళ్ళో రసాయనశాస్త్రం చెప్పిన మనిషి. గొంతు పెంచడం ఆమెకు రాదు.

"కుబాత్, ఆయన్ని తడి ఒంటితో వదిలేసి వచ్చావా?"

కుబాత్ చేతులు వాటంతట అవే దిగిపోయాయి. "అయ్యో వదినా," అంటూ లోపలికి పరిగెత్తాడు.

కనిషాయ్ కొడుకు వైపు చూసింది. రెండు నెలల్లో అతని చెంపలు లోపలికి పోయాయి.

"వంటింట్లో కూర్చోండి. ఆయన గదిలోకి మాత్రం నేను పిలిచేదాకా రావద్దు."

*

వంటింట్లో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. బేగిమాయ్ తలగుడ్డ సర్దుకుని, అత్తగారికి మూడుసార్లు వంగి నమస్కారం పెట్టబోయింది. కనిషాయ్ ఆమె భుజాలు పట్టుకుని ఆపింది.

"వంగకు. కూర్చో."

"మామయ్యగారు ఎలా ఉన్నారు అత్తమ్మా?"

"వింటున్నారు. అన్నీ వింటున్నారు. మాటే లేదు. కుడివైపు మొత్తం పోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆడుతోంది. ఇంకోసారి పక్షవాతం వస్తే తట్టుకోలేరని చెప్పి ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు."

ఆ 'ఇంకోసారి' రేపా, ఎల్లుండా, ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా ఇంట్లో అందరూ మెల్లగా అడుగులేస్తున్నారు.

బేగిమాయ్ కళ్ళు అప్పుడే గదివైపు వెళ్ళాయి. ఆమె ఎందుకొచ్చిందో కనిషాయ్‌కి తెలుసు. మామగారు సాతిబల్ది చేతుల కోసం వచ్చింది. రెండు నెలల కిందట అవే చేతులు, అరచేతులు బయటికి తిప్పి, పద్నాలుగు సెకన్ల వీడియోలో తన మొగుణ్ణి శపించాయి. దీవెనకు అరచేతులు ఆకాశంవైపు పెట్టాలి. వాటిని తిరగేస్తే తిరుగుదీవెన. తండ్రి ఇచ్చిన తిరుగుదీవెన కొడుకుతో ఆగదని, కొడుకు కడుపున పుట్టేవాళ్ళకీ తగులుతుందని అంటారు. ఇచ్చినవాడే వెనక్కి తీసుకోవాలి. వాడు పోతే ఇక తీసేవాడుండడు.

వంశంలో ఇంతకుముందు ఒకే ఒక్కసారి అలా జరిగిందట, కనిషాయ్ పుట్టకముందు. అప్పుడు చూసింది నలుగురు. ఈసారి 'ఏడుగురు తాతల పిల్లలు' అనే వంశం వాట్సాప్ గ్రూపులో రెండువందల పద్నాలుగు మంది చూశారు. మర్నాటికి అది బయటికి పాకింది. వారం తిరిగేసరికి ఎవరో ఆ చేతుల్ని కత్తిరించి స్టిక్కరు చేశారు. ఇప్పుడు దేవుడున్నాడా లేడా అని ఎక్కడ వాదించుకుంటున్నా, మాట తోచనివాడు సాతిబల్ది చేతులు పంపిస్తున్నాడు.

పదకొండో రోజున ఆ చేతుల్లో ఒకటి పడిపోయింది.

*

కుబాత్ చేతులు తుడుచుకుంటూ వచ్చి పొయ్యికెదురుగా కూర్చున్నాడు. మక్కా వెళ్ళొచ్చినప్పటి నుంచి ఉన్ని టోపీ మానేసి తెల్లటోపీ పెడుతున్నాడు. కనిషాయ్ ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. తలలో పేలు తీసింది ఆవిడే.

ఆవిడ అందరికీ గిన్నెల్లో సగం సగం టీ పోసింది. మర్యాదకి అంతే పోయాలి. ఎవరూ ముట్టుకోలేదు.

"చూశావా ఏం రాస్తున్నారో?" కుబాత్ ఫోను బల్లమీద పెట్టి ఎర్మెక్ వైపు తోశాడు. "మీవాళ్ళే, ఆ నాస్తికులే. చదువు, మీ అమ్మ కూడా వింటుంది."

"నేను చదివాను కుబాత్," అంది కనిషాయ్.

చదివింది. బళ్ళో టీచర్ల గదిలో, గంటకీ గంటకీ మధ్య. నమ్మనివాడొకడు రాశాడు: 'కొడుక్కి రాసిన శాపం తండ్రికి చేరిందంటే మీ దేవుడికి చిరునామాలు సరిగ్గా తెలీవన్నమాట.' దాని కింద నూటముప్పై మంది నవ్వారు. నమ్మేవాడొకడు బదులిచ్చాడు: 'ఆయన దగ్గర పొరపాట్లుండవు. పుణ్యస్థలంలో కత్తెర పట్టిన చెయ్యి ఏది? ఇప్పుడు పడిపోయిన చెయ్యి ఏది? ఫొటో చూసి చెప్పండి.' రెండోది రాసిన కుర్రాడికి తొమ్మిదో తరగతిలో ఆమ్లాలూ క్షారాలూ తనే చెప్పింది. మొదటివాడెవరో తెలీదు. వాడికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

"వాళ్ళు మావాళ్ళు కారు," అన్నాడు ఎర్మెక్. "ఆ మాట రాసినవాణ్ణి నేనూ తిట్టాను."

"తిట్టావు! అదీ అక్కడే. ఇంకో యాభై మంది మూగారు. ఒరే, మంట మీద పెట్రోలు పోసి ఆర్పానంటావేంట్రా?"

"మీ గ్రూపులో సత్యఖడ్గం అనే పేరుతో రాసేవాణ్ణి మీరు ఆపారా?"

"వాడెవడో నాకు తెలీదు."

"గ్రూపు నడిపేది మీరు. నా ఫొటో అక్కడికి తెచ్చింది వాడు. తీసేయలేదేం?"

కుబాత్ టీ గిన్నెను గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.

"సరే. నేనొక మాట చెప్తాను, విను," అన్నాడు చివరికి. "రెండు గంటలకోసారి మీ నాన్నని ఒత్తిగిలేసి పడుకోబెడుతున్నది నేను. వీపు పుండు పడకుండా నూనె రాస్తున్నది నేను. ఆ శాపం మెడమీద పెట్టుకుని ఆయన పోకూడదు. అందుకు నువ్వు ఒక్క పని చెయ్యాలి. ఫోను ముందు నిలబడి, దేవుడొక్కడేనని విశ్వాసవాక్యం పలుకు. తప్పయిందను. అంతే. పెద్దల్ని నేను తీసుకొస్తాను. ఆయన చేతులు తిప్పుతాడు."

"విశ్వాసం లేకుండా విశ్వాసవాక్యమా?"

"లోపల ఏముందో దేవుడు చూసుకుంటాడు. మాకు కనిపించేది నోరే."

"అంటే ఆయన్ని కూడా మోసం చెయ్యమంటున్నారు. లేడనే నేనే ఆయన్ని మీకన్నా ఎక్కువ గౌరవిస్తున్నట్టున్నాను బాబాయ్."

కుబాత్ ఒక్కసారి నవ్వాడు. ఏడుపులాంటి నవ్వు. "చూశావా వదినా? తండ్రి మంచంలో ఉన్నాడు. వీడికి మాట గెలవాలి."

"మీకు మాత్రం?" ఎర్మెక్ లేచాడు. "నేను పాపం చేశానని తేలాలి మీకు. లేకపోతే అన్యాయంగా శపించినందుకే దేవుడు మా నాన్నని కొట్టాడని మీవాళ్ళే అంటారు. మీ అన్నని కాపాడటానికి మీకు నేను దోషిని కావాలి. అవునా, కాదా?"

కుబాత్ ముఖం తెల్లబడింది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

"కూర్చో," అంది కనిషాయ్ కొడుకుతో.

అతను కూర్చోలేదు. తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు బేగిమాయ్ మాట్లాడింది. అప్పటిదాకా రొట్టెముక్కను తుంపుతూ ఉంది, ఒక్క తునకా నోట పెట్టుకోలేదు.

"మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకక్కర్లేదు బాబాయ్‌గారూ. రెండుసార్లు ఒట్టి చేతులతో ఆస్పత్రి నుంచి బయటికొచ్చాను. రెండుసార్లూ ఎనిమిదో నెలే. ఈసారి డాక్టరుగారు గర్భసంచి మూతికి కుట్టు వేశారు. గట్టిగా ఉందన్నారు. ఉండొచ్చు. కానీ కుట్టుకి కాపలా ఎవరో ఉన్నారనుకుంటే తప్ప నాకు నిద్రపట్టదు. మా ఆయన నమ్మరు. ఆయనకి నిద్రపడుతుంది."

కుబాత్ తలవంచుకున్నాడు. "విశ్వాసవాక్యం వద్దులే," అన్నాడు. "క్షమించమని అడిగితే చాలు. నేను పెద్దలకి చెప్పుకుంటాను."

*

ఎర్మెక్ పిడకల గుట్ట దగ్గర నిలబడి, పడిపోయిన పిడకల్ని ఏరి వరసగా పేరుస్తున్నాడు. కనిషాయ్ బుట్ట పట్టుకుని వెళ్ళింది. పొయ్యికి ఇంకా అవసరం లేదు.

కొండల మీద మొదటి మంచు పడింది. ఇంకా కిందికి దిగలేదు.

"ఎందుకు పెట్టావురా ఆ ఫొటో?" అడిగింది. రెండు నెలలుగా ఫోనులో అడగని మాట అది.

అతను పిడక ఒకటి చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"వాదనలో ఒకడు రాశాడమ్మా. దేవుడు లేడనేవాడికి తండ్రి ఉండడు, ఉన్నా పెంచి ఉండడు అని. పదిమందితో పడుతున్నాను ఆ రోజు. నాకు నవ్వొచ్చింది. నాకు తండ్రి లేకపోవడమేమిటి? ఈ మాటలన్నీ నాకు నేర్పింది ఎవరు? అందుకే పెట్టాను. 'ఇదిగో మా నాన్న. నాకు భయపడొద్దని చెప్పిన మొదటి మనిషి' అని రాసి పెట్టాను. గర్వంగా పెట్టానమ్మా."

కనిషాయ్‌కి ఆ ఫొటో బాగా తెలుసు. తీసింది ఆవిడే. పందొమ్మిదివందల ఎనభైనాలుగు, ఊటబుగ్గ పైన మొక్కులచెట్టు. ముప్పైమూడేళ్ళ సాతిబల్ది కత్తెరతో కొమ్మకున్న మొక్కుగుడ్డలు కత్తిరిస్తూ కెమెరా వైపు తిరిగి నవ్వుతున్నాడు. ఆ సోవియట్ రోజుల్లో, సర్కారు తరఫున అదే ఆయన ఉద్యోగం. వేసవి పచ్చికలమీద కాపరులకి తెరకట్టి, గ్రహాల బొమ్మలు చూపించి, పైన ఎవరూ లేరని చెప్పేవాడు. ఒకసారి ఒక ముసలి కాపరి లేచి, "అయితే అయ్యవారూ, మా ముసల్ది రోజూ నామీద చాడీలు ఎవరికి చెబుతున్నట్టు?" అని అడిగాడు. గుడారమంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా సాతిబల్దే నవ్వాడు. ఆ నవ్వు చూసే కనిషాయ్ ఆయన్ని పెళ్ళి చేసుకుంది.

తరవాత దేశం మారింది. ఆయన అన్నగారు పోయినప్పుడు ఖననప్రార్థనలో నిలబడ్డాడు. మళ్ళీ వారం నిలబడ్డాడు. ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. మెల్లమెల్లగా ఊళ్ళో పెళ్ళిళ్ళకీ, పురిటిళ్ళకీ ఆయన దీవెనే ముందు కావాలన్నారు. ఇరవైనాలుగేళ్ళు చేతులెత్తి దీవించాడు. పాత సంగతి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మిగిలినవాళ్ళు మర్యాదకి మరిచిపోయారు.

"ఆయన ఏమన్నారో తెలుసా, అది చూసి?" అంది కనిషాయ్. "'నా కొడుకు నన్ను సంతలో బట్టలిప్పి నిలబెట్టాడు' అన్నారు. అంతే. ఆ తరవాత గోడకెదురుగా కూర్చుని ఆ వీడియో తీసుకున్నారు. నేను బళ్ళో ఉన్నాను."

"పొగిడానమ్మా నేను."

"తెలుసు."

"నువ్వు చెప్పలేదా ఆయనకి?"

"చెప్పాను. 'అదే పెద్ద తప్పు' అన్నారు."

ఎర్మెక్ పిడకను గుట్టమీద పెట్టాడు. అది నిలవక దొర్లి పడింది. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు గానీ ఎవరూ వంగలేదు.

"వచ్చి క్షమించమని అడుగు," అంది ఆవిడ. "నీకోసం కాదు. ఆ పిల్ల పాదాలు చూశావా?"

"అడుగుతాను. ఫోను మాత్రం వద్దు."

*

మాట ఫోను దగ్గరే మళ్ళీ ఆగిపోయింది.

"వీడియోలో ఇచ్చింది, వీడియోలోనే తియ్యాలి," అన్నాడు కుబాత్. "రెండువందల పద్నాలుగు మంది చూసినదాన్ని గదిలో నలుగురం కూర్చుని తీసేశామంటే ఎవరొప్పుకుంటారు? రేపు ఈ పిల్లకి ఏమైనా అయితే మళ్ళీ ఇదే మాట."

ఆ చివరిమాటకి బేగిమాయ్ ఉలిక్కిపడింది. కనిషాయ్ తేల్చేసింది. చేతులు మాత్రమే తియ్యాలి. మాటలు రాయకూడదు. తనకి చూపించకుండా ఎవరికీ పంపకూడదు. కుబాత్ గుండెమీద చెయ్యి వేసుకుని సరేనన్నాడు.

గదిలో మందుల వాసన, కాచిన గొర్రెకొవ్వు వాసన. సాతిబల్ది వెనక మూడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. కుడికన్ను సగమే మూతపడుతోంది. ఎడమకన్ను కొడుకు అడుగుపెట్టగానే అతనిమీద నిలిచింది. మళ్ళీ కదల్లేదు.

ఎర్మెక్ పరుపు దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. అతని వెనక బేగిమాయ్ కూడా కూర్చోబోతే కనిషాయ్ ఒక దిండు జరిపింది.

"నాన్నా," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆ ఫొటో మీరంటే గర్వంతో పెట్టాను. మీకు సిగ్గవుతుందని నాకు తోచలేదు. తోచాల్సింది. అది నా తప్పు. క్షమించండి."

సాతిబల్ది గొంతులో ఏదో కదిలింది. మాట కాలేదు.

"వదినా, చేతులు," అన్నాడు కుబాత్. ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. "మాట నేను చెప్తాను, అన్న తరఫున."

కనిషాయ్ పరుపు వెనక్కి వెళ్ళి భర్తకి రెండువైపుల నుంచీ చేతులు చాచింది. కుడిచెయ్యి తడిసిన కంబళిలా బరువుగా లేచింది. దాన్ని ఆకాశంవైపు తిప్పి ఒళ్ళో నిలబెట్టింది. తరవాత ఎడమ మణికట్టు పట్టుకుంది.

అది ఆమె వేళ్ళకింద తిరిగింది.

మొదట తనే సరిగ్గా పట్టుకోలేదనుకుంది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ తిరిగింది, అరచెయ్యి బయటికి. మెల్లగా, కానీ బలంగా. ఇన్నాళ్ళుగా చెంచా ఎత్తని చేతికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

ఆవిడ ఆయన ముఖం చూడలేదు, వెనకనుంచి చూడటానికి వీల్లేదు. వేళ్ళు బిగించింది. గోళ్ళు దిగాయి. అరచేతిని పైకి తిప్పి అలాగే పట్టుకుంది. ఇద్దరి చేతులూ కలిసి వణికాయి.

"చూశారా, వణుకుతోంది!" అన్నాడు కుబాత్. "అన్నే ఎత్తుతున్నాడు! దారి తెరుచుకోవాలి. పొయ్యి ఆరకూడదు. ఊయల ఖాళీగా ఊగకూడదు. నోటివెంట వచ్చిన చెడు గాలికి పోవాలి. ఓమిన్."

"ఓమిన్," అంది బేగిమాయ్, తథాస్తు అన్నట్టు రెండు చేతులతో ముఖం తుడుచుకుంటూ. ఆ ముఖం చాలాసేపు చేతుల్లోనే ఉండిపోయింది.

కనిషాయ్ భర్త చేతుల్ని ఆయన ముఖం మీదుగా దింపి, దుప్పటి కింద పెట్టింది. ఎడమ మణికట్టు మీద నాలుగు ఎర్రటి గోళ్ళగుర్తులు. చొక్కాచెయ్యి కిందికి లాగింది.

*

అరగంట గడిచింది. బేగిమాయ్ ఆకలి అంది. ఆ మాట వినగానే కనిషాయ్ నూనెలో వేయించిన రొట్టెముక్కలు, మీగడ తెచ్చి పెట్టింది. ఆ పిల్ల మామగారి పరుపు పక్కనే నేలమీద కూర్చుని తిన్నది. నాలుగో ముక్క తింటుండగా ఎర్మెక్ ఫోను మోగింది. మళ్ళీ మోగింది. తరవాత ఆగకుండా మోగింది.

అతను తీసి చూశాడు. చూస్తూనే నిలబడిపోయాడు.

"బాబాయ్. పంపేశారా?"

"ఒక్క గ్రూపుకే," అన్నాడు కుబాత్. "దీవెన అందింది, ఓమిన్ అని మాత్రం రాశాను. అంతకుమించి అక్షరం రాయలేదు. అన్న ఊపిరి ఉండగానే వెళ్ళాలనిపించింది వదినా. నీకు చూపించి ఉండాల్సింది. చూపించలేదు."

"ఒక్క గ్రూపే!" ఎర్మెక్ ఫోను తిప్పి చూపించాడు. అప్పటికే దాన్ని సత్యఖడ్గం ఎత్తుకుపోయాడు. చేతులతోపాటు అంచున ఎర్మెక్ వంగిన తల కూడా పడింది. కింద రాశాడు: 'నాస్తికుడు మోకరిల్లాడు. పశ్చాత్తాపపడ్డాడు. నిజం గెలిచింది.' ఆరువందల మంది చూశారు. వాళ్ళ కింద వీళ్ళు, వీళ్ళ కింద వాళ్ళు. 'అమ్ముడుపోయావా ఎర్మెక్?' అని ఒకడు. 'నరకం తప్పింది, తమ్ముడూ, స్వాగతం' అని ఒకడు.

ఎర్మెక్ వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి.

"రాయొద్దు," అంది బేగిమాయ్.

"అబద్ధం అది. నేను పశ్చాత్తాపపడలేదు. నాన్నని క్షమించమన్నాను. ఈ రెండూ ఒకటి కాదు."

"ఏం రాస్తున్నారు?"

అతను చదివాడు. "'ఇది మతానికి సంబంధించింది కాదు. కొడుకు తండ్రిని క్షమించమని అడిగాడు. ఆ చేతులు ఎత్తింది మా నాన్న కాదు, మా అమ్మ.'"

బేగిమాయ్ చేతిలో రొట్టెముక్క మీగడ గిన్నెలో పడింది.

"మామయ్యగారు ఎత్తలేదా?"

ఆమె కుబాత్ వైపు చూసింది. కుబాత్ వదిన వైపు చూశాడు.

"వణికింది కదా," అన్నాడు. "నేను చూశాను కదా. వదినా, వణికింది కదా?"

"పంపారంటే అయిపోయినట్టే," అంది బేగిమాయ్ మొగుడితో. గొంతు చాలా చిన్నదైపోయింది. "ఆ దీవెనని మీరే చెరిపేసినట్టు. ఇంకో రెండు నెలలు. రెండే రెండు నెలలు ఊరుకోండి. పుట్టాక మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి."

"నిజం రెండు నెలలు ఆగుతుందా బేగీ?"

"నా కడుపు ఆగాలి!"

ఎర్మెక్ బొటనవేలు తెరమీదే ఉంది. నొక్కలేదు. తల్లివైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు చెప్పు. నువ్వెత్తావా, ఆయనెత్తాడా? నువ్వేం చెబితే అదే రాస్తాను. ఆ గ్రూపులో సగంమంది నీ దగ్గర చదువుకున్నవాళ్ళే. నువ్వు అబద్ధం చెప్పవని వాళ్ళకి తెలుసు. నాకూ తెలుసు."

కిటికీ బయట కుబాత్ భార్య ఆవుని అదిలిస్తోంది. కనిషాయ్ ఆ గొంతు దూరంగా వెళ్ళేదాకా విన్నది. ప్రయోగశాలలో ఫలితం రాకపోతే, రాలేదనే రాయమని నలభై ఒక్క ఏళ్ళు పిల్లలకి చెప్పింది. ఎవరైనా పక్కవాడి పుస్తకం చూసి అంకె వేస్తే ఊరుకునేది కాదు.

బేగిమాయ్ ఆమె కళ్ళలోకి చూడటం లేదు. పెదవుల వైపు చూస్తోంది.

"ఆయనే ఎత్తారు," అంది కనిషాయ్. "నేను ఊరికే పట్టుకున్నాను."

కుబాత్ "దేవుడా" అని గోడకి జారగిలబడ్డాడు. బేగిమాయ్ ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ఎర్మెక్ తల్లినే చాలాసేపు చూశాడు. తరవాత రాసినదాన్ని ఒక్కొక్క అక్షరమే చెరుపుతూ వచ్చాడు.

"అన్నా," అన్నాడు కుబాత్ ఉన్నట్టుండి. "అన్న ఏదో చెప్పాలనుకుంటున్నాడు. చూడండి, చూడండి!"

దుప్పటి కదులుతోంది. ఎడమవైపు అంచు కొంచెం లేచింది. ముందు వేళ్ళు బయటికొచ్చాయి, తరవాత మణికట్టు. కుబాత్ జేబులోంచి ఫోను తీశాడు. బేగిమాయ్ నవ్వుతూ, అత్తమ్మా, మామయ్యగారు మళ్ళీ దీవిస్తున్నారు అంటూ, మోకాళ్ళమీద ముందుకు జరిగి తల వంచింది.

సాతిబల్ది కన్ను కొడుకుమీద లేదు, కోడలిమీద లేదు. భార్యమీదుంది.

గదిలో అందరూ ఆ చేతినే చూస్తున్నారు. కనిషాయ్ చూడలేదు. అది ఎటు తిరుగుతుందో ఆమెకు తెలుసు.